లాగిన్ లేని టీచరమ్మ

స్టాఫ్ రూములో మూలనున్న కంప్యూటర్ పాస్‌వర్డ్ ఆ బడిలో తెలియనివాళ్ళంటూ లేరు. మానిటర్ అంచుకే చీటీ అతికించి ఉండేది. పైన 'టీచర్', కింద మళ్ళీ 'టీచర్'. అక్షరాలు వెలిసిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు పెన్నుతో దిద్దేవారు. లెక్కల సార్ ప్రశ్నపత్రాలు, సైన్స్ మేడమ్ బొమ్మలు, పెద్ద మేడమ్ సర్క్యులర్లు, ఎవరి పిల్లలవో తెలియని పుట్టినరోజు ఫోటోలు, అన్నీ ఉమ్మడి కుటుంబంలో దండెం మీది బట్టల్లా ఒకదాని మీద ఒకటి వేలాడుతుండేవి. ఎవరిది ఎవరు లాక్కున్నా అడిగే నాథుడు లేడు.

తరగతి గదుల్లో కంప్యూటర్లదీ అదే తంతు. ప్రతి పెట్టెకీ తన పేరు, తన పాస్‌వర్డ్, తన సరుకు. పక్క గదిలో పెట్టెలో ఏముందో ఈ పెట్టెకు తెలియదు. ల్యాబులో ఏడో తరగతి పిల్ల ఒకతె కిటికీ పక్క కంప్యూటర్లో సగం బొమ్మ గీసిందంటే, మిగతా సగం కోసం మళ్ళీ వారం ఆ కుర్చీ దగ్గరికే పరిగెత్తాలి. కుర్చీ దక్కకపోతే బొమ్మ కూడా దక్కనట్టే.

ఈ అవస్థ వదిలించడానికే ఆ సోమవారం తీగలాయన బడిలో దిగాడు. ఒకప్పుడు ఇంటింటికీ టెలిఫోన్ తీగలు లాగినవాడట, ఇప్పుడు నెట్‌వర్క్ తీగలు లాగుతున్నాడు. భుజాన కేబుల్ చుట్ట, చెవి మీద పెన్సిలు, నోట్లో ఎడతెగని కబుర్లు. ఇకమీదట అందరి పనీ ఆఫీసు గదిలో పెట్టిన సర్వర్ అనే పెట్టెలో ఉంటుందనీ, ప్రతి మనిషికీ సొంత పేరూ సొంత పాస్‌వర్డూ ఇస్తామనీ, బడిలో ఏ కంప్యూటర్ ముందు కూర్చుని మన పేరు కొట్టినా మన సరుకు మన ముందుకే వస్తుందనీ స్టాఫ్ రూము మధ్య నిలబడి విడమర్చి చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి మడిచిన చీటీలు పంచాడు. లెక్కల సార్ తన చీటీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, రిటైరయ్యేలోపు సొంత ఇల్లు కట్టలేననుకున్నాననీ, ఇదిగో కట్టించి ఇచ్చారనీ అన్నాడు. అందరూ నవ్వారు.

ఖాళీ టీచరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి చాపింది. చీటీలు అయిపోయాయి. చాపిన చెయ్యి అట్లాగే వెనక్కి తీసుకుంటే బాగుండదని కొంగు సర్దుకుంది.

ఖాళీ టీచరమ్మ అసలు పేరు అది కాదని వేరే చెప్పనక్కర్లేదు. ఎవరైనా లీవు పెడితే ఆ పిరియడ్ ఖాళీ. ఖాళీ పిరియడ్‌కి వెళ్ళే టీచరమ్మ కాబట్టి ఖాళీ టీచరమ్మ. పేరు పెట్టింది పిల్లలు, నిలబెట్టింది లెక్కల సార్. ఆమెకు తరగతి లేదు, సబ్జెక్టు లేదు, అటెండెన్సు రిజిస్టరు లేదు. జ్వరాలకూ, శిక్షణలకూ, చుట్టాల పెళ్ళిళ్ళకూ వెళ్ళినవాళ్ళ కుర్చీల్లో కూర్చుని, వాళ్ళ చాక్‌పీసులతో వాళ్ళ బోర్డుల మీద రాసి, వాళ్ళ డైరీల్లో వాళ్ళ తరఫున సంతకం పెట్టి వస్తుంది. బడి తెరిచిన ఏ రోజునా ఆమె రాకపోవడమన్నది లేదు. ఆమె లీవు పెడితే ఆమె బదులు ఎవరు వెళ్ళాలన్న ప్రశ్న ఆ బడిలో ఇంతవరకూ పుట్టలేదు.

తీగలాయన తన ఫోన్‌లో పేర్లు మళ్ళీ పైనుంచి కిందికి చూశాడు. "మీ సబ్జెక్టేంటమ్మా?" అని అడిగాడు.

"లీవు పెట్టినవాళ్ళదే ఆవిడ సబ్జెక్టు," అన్నాడు లెక్కల సార్.

అదీ చిక్కు. మేనేజ్‌మెంట్ ఆఫీసు నుంచి వచ్చిన పేర్లన్నీ సబ్జెక్టుల వారీగా ఉన్నాయి. సబ్జెక్టు గడి నింపకపోతే సర్వర్ ఆ పేరును లోపలికి రానివ్వదు. తీగలాయన మాటకు పెద్ద మేడమ్ నుదురు రుద్దుకుంది. ఆ ఉదయం ఆమెకు నీళ్ళ ట్యాంకు గొడవ, బస్సు గొడవ, ఇప్పుడిది. హెడ్‌మిస్ట్రెస్‌గా ఆమె చెడ్డ మనిషి కాదు, తీరిక లేని మనిషి.

"నువ్వెలాగూ ఎవరో ఒకరి బదులే కదమ్మా వెళ్తావు. లీవులో ఉన్నవాళ్ళ లాగిన్ వాడుకో, సరిపోతుంది," అంది.

"సరే మేడమ్," అంది ఖాళీ టీచరమ్మ.

మాటలో కాఠిన్యం ఏమీ లేదు, పెద్ద మేడమ్ మంచికే చెప్పింది. బెల్లు మోగింది. కంటి ఆపరేషన్‌కి వెళ్ళిన సోషల్ మేడమ్ పిరియడ్ ఉంది. ఖాళీ టీచరమ్మ మూల కంప్యూటర్లోంచి ఒక పేజీ ప్రింటు తీసుకుని మెట్లెక్కింది.

మూల కంప్యూటర్లో ఆమెకొక ఫోల్డర్ ఉంది. 'టీచర్' అన్న ఉమ్మడి దండెం మీద ఆమె బట్టలు కూడా ఉన్నాయన్నమాట. ఏ తరగతికి పంపుతారో, ఏ సబ్జెక్టు పిరియడో ముందుగా తెలియదు కాబట్టి ఎక్కడికైనా పనికొచ్చే పేజీలు తయారు చేసుకుంది. పిల్లలు వాటిని పేపర్లనేవారు. కుడి, ఎడమ అనే మాటలు వాడకుండా మీ ఇంటి గుమ్మం నుంచి బడి గేటుదాకా దారి చెప్పండి అని ఒక పేజీ. ఒక బస్సు టికెట్టు బొమ్మ వేసి, దాని మీదున్న అంకెలతో మీకు తోచిన లెక్కలు తయారు చేసి పక్కవాళ్ళకివ్వండి అని ఇంకొకటి. చివరి వాక్యం లేని కథలు, అందులో ఒక్క అబద్ధం దాక్కున్న సైన్స్ పాఠాలు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే సంఘటన గురించి రాసుకున్న రెండు ఉత్తరాలు, వాళ్ళలో ఎవరు కోపంగా ఉన్నారో ఎలా తెలిసిందో చెప్పమని. ఖాళీ పిరియడ్ అంటే అల్లరి పిరియడ్ కాకూడదని ఒక్కొక్కటీ కూర్చుని రాసింది. రాసి, పిల్లల ముందు పెట్టి, వాళ్ళు ఎక్కడ ఆవులించారో చూసి ఆ వాక్యం మార్చింది. ఇదంతా చేయమని ఆమెను ఎవరూ అడగలేదు.

*

మూల కంప్యూటర్‌ని బుధవారం పూర్తిగా తుడిచి కొత్తగా సర్వర్‌కి కలుపుతానని తీగలాయన ముందే చాటింపు వేశాడు. ఎవరి సరుకు వాళ్ళు తమ కొత్త చోటుకి మార్చుకోవాలి. సైన్స్ మేడమ్ దగ్గరికొచ్చి, అక్కా అని పిలిచి, తన చోటులో పెట్టుకోమని, పాస్‌వర్డ్ చెవిలో చెప్పబోయింది. ఖాళీ టీచరమ్మ వద్దంది. కుర్చీ ఒకరిది, బోర్డు ఒకరిది, డైరీ ఒకరిది. ఈ ఒక్కటైనా ఇంకొకరి పేరు మీద పెట్టడం ఆమెకు మనస్కరించలేదు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తాలే అంది.

ఇంట్లో ఉన్న ఒక్క పెన్‌డ్రైవూ భర్తది. ఆయన ఆసుపత్రి కారు నడుపుతాడు. డాక్టర్లు దిగిపోయాక ఒంటరిగా తిరిగొచ్చే దారిలో అందులోని పాటలు వింటాడు. విషయం విని, అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, పాటలన్నీ తీసేసి ఖాళీ చేసి ఇచ్చాడు. కొన్ని ఉంచుకోండి, చోటు సరిపోతుందంది ఆమె. "నాకవన్నీ నోటికొచ్చులే," అన్నాడు. అత్తగారు మంచం మీద నుంచే, ఆ పాటలు వాడి నోట వినడం కంటే పెన్‌డ్రైవ్‌లో వినడమే మేలని గొణిగింది.

బుధవారం ఉదయం అందరికంటే ముందు బడికి వెళ్ళి ఖాళీ టీచరమ్మ మూల కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎవరి సాయమూ అడగదలచుకోలేదు. తెర మీద తన ఫోల్డర్ పసుపురంగు బొమ్మ ఉంది. దాని కింద మూల చిన్న బాణం గుర్తు ఎప్పుడూ ఉండేదే. పట్టుకుని పెన్‌డ్రైవ్‌లోకి లాగింది. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. ఇన్నేళ్ళ పని ఇంత తొందరగా ఎక్కిందా అని ఆశ్చర్యపోయి, ఎందుకైనా మంచిదని పెన్‌డ్రైవ్ తెరిచి అందులోని ఫోల్డర్ మీద నొక్కింది. అన్నీ ఉన్నాయి. బస్సు టికెట్టు తెరిచి చూసింది. అక్కచెల్లెళ్ళ ఉత్తరాలు తెరిచి చూసింది. తృప్తిగా మూసి, పెన్‌డ్రైవ్‌ని తాళాల గుత్తికి తగిలించుకుంది.

తీగలాయన వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "మీదింకేమైనా ఉందా అమ్మా ఇందులో? తుడిస్తే మళ్ళీ రాదు."

"ఏమీ లేదండీ. చెరిపేయండి."

"ఖాయమేనా?"

"ఖాయమే."

ఆయన చెవి మీద పెన్సిలు సర్దుకుని, మీటలు నొక్కడం మొదలుపెట్టాడు. ఖాళీ టీచరమ్మ సోషల్ పిరియడ్‌కి వెళ్ళిపోయింది.

*

మరునాడు బడి బడిలా లేదు. పిల్లలు ల్యాబులో ఒక కంప్యూటర్ దగ్గర పేరు కొట్టి, బయటికొచ్చి, ఇంకో దాని దగ్గర కొట్టి, తమ బొమ్మ అక్కడికీ వచ్చిందని అరుస్తున్నారు. కిటికీ పక్క కుర్చీ కోసం వారం వారం మోచేతులు గీసుకున్న ఏడో తరగతి పిల్ల, తలుపు దగ్గర అరిగిపోయిన కీబోర్డు ముందు నింపాదిగా కూర్చుని తన బొమ్మకు రంగులేసుకుంటోంది. ఖాళీ టీచరమ్మ గుమ్మంలో ఆగి చూసింది. ఆ పిల్లకు ఇక పరిగెత్తే పని లేదు. ఎవరు కనిపెట్టారోగానీ మంచి పని చేశారనుకుంది, మనస్ఫూర్తిగానే అనుకుంది.

స్టాఫ్ రూముకి వచ్చి సోషల్ మేడమ్ చీటీలోని లాగిన్‌తో మూల కంప్యూటర్ తెరిచింది. స్వాగతమంటూ సోషల్ మేడమ్ పేరు వచ్చింది, పక్కన ఆవిడ ఫోటో కూడా. ఆ ఫోటో తననే చూస్తున్నట్టుంటే ఖాళీ టీచరమ్మకు ఇతరుల ఇంట్లో ఫ్రిజ్ తెరిచినట్టనిపించింది. చప్పున పెన్‌డ్రైవ్ పెట్టి ఫోల్డర్ మీద నొక్కింది. ఇది చూపిస్తున్న చోటు ఇప్పుడు లేదని ఒక చిన్న పెట్టె వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. పెన్‌డ్రైవ్ తీసి, కొంగుతో తుడిచి, పెట్టి నొక్కింది.

తీగలాయనను పిలిస్తే వచ్చి, వంగి చూసి, పెన్సిలు మొనతో ఫోల్డర్ బొమ్మ కింది మూల చూపించాడు.

"ఈ బాణం గుర్తు చూశారామ్మా? ఇది ఇల్లు కాదు, ఇంటి అడ్రసు. తెర మీద అడ్రసు పెట్టి, ఇల్లు వేరే చోట కట్టారు ఎవరో. మీరు అడ్రసు తీసుకెళ్ళారు."

"మరి నిన్న తెరిచి చూస్తే అన్నీ కనబడ్డాయి కదండీ."

"నిన్న ఇల్లు అక్కడే ఉంది. అదే కంప్యూటర్లో చూశారు, అడ్రసు పట్టుకుని ఇంటికే తీసుకెళ్ళింది."

ఇల్లేమైందని ఆమె అడగలేదు. ఇద్దరూ మూల కంప్యూటర్ వైపు చూశారు. తీగలాయన మధ్యాహ్నం అన్నం మానేసి దాని ముందు కూర్చున్నాడు. పాతది ఏ ముక్కయినా దొరుకుతుందేమోనని తనకు తెలిసిన దారులన్నీ వెతికాడు. పాతదాని మీద కొత్తది పూర్తిగా పరుచుకుందని చివరికి చెప్పి, తనే కొంచెం జాగ్రత్తగా అడగాల్సిందని నొచ్చుకున్నాడు. మీరు అడిగారు, నేనే ఖాయమన్నాను అంది ఆమె. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని మాత్రం బతిమాలింది. అందరూ సొంత ఇళ్ళలోకి మారిన రోజున తను అడ్రసు కాగితం పట్టుకుని నిలబడ్డ సంగతి లెక్కల సార్ చెవిన పడితే, ఆయన రిటైరయ్యేదాకా చెప్పుకుని నవ్వుతాడు.

ఆ మధ్యాహ్నం ఏడో తరగతికి మొట్టమొదటిసారి ఉత్త చేతులతో వెళ్ళింది. ఇవాళ ఏం పేపర్ మేడమ్ అని ముందు బెంచీ అడిగింది. అక్కచెల్లెళ్ళ ఉత్తరాలు గుర్తు తెచ్చుకోబోయింది. చెల్లెలి ఉత్తరం సగం వచ్చింది. అక్క ఉత్తరంలో ఒకే ఒక్క మాటలో కోపం దాచింది, ఆ మాట రాలేదు. ఇక దారి చెప్పమన్న పేజీని నోటితోనే చెప్పింది. పిల్లలు రాయడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి తన దారంతా వాసనలతో చెప్పింది, బేకరీ, పెట్రోలు బంకు, మందుల షాపు, తడి సున్నం. వినడానికి ఎంత బాగుందో అంత దుఃఖమూ వచ్చింది. ఇది ఇప్పటికిప్పుడు ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం ఇంట్లో తాళాల గుత్తి బల్ల మీద పడేసి కూర్చుంది. జరిగింది చెప్పింది. మళ్ళీ రాసుకోవచ్చులే అన్నాడు భర్త, ఓదార్చాలని. అత్తగారు కొడుకును కసిరింది.

"పోయినదాని కోసం ముందు దాన్ని ఏడవనీరా. రాసుకోవడం తర్వాత సంగతి."

అని, మోకాళ్ళ నొప్పితో లేచి వెళ్ళి తనే టీ కాచి తెచ్చింది. చక్కెర రెండుసార్లు వేసినట్టుంది. ఖాళీ టీచరమ్మ ఏడ్చింది, ఆ తీపి టీ తాగింది. తాగాక చెప్పింది, ఇక ఆ బడికి వెళ్ళననీ, రేపు పెద్ద మేడమ్‌కి చెప్పేస్తాననీ. కోపంతో చెప్పలేదు. ఉన్న ఒక్క పనీ పోయాక మిగిలింది వేరేవాళ్ళ కుర్చీలే కదా అంది. భర్త గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు.

*

శుక్రవారం భోజనాల వేళ స్టాఫ్ రూములో అందరూ ఉన్నారు. ఖాళీ టీచరమ్మ డబ్బా తెరవలేదు. పెద్ద మేడమ్ ఇటువైపు వస్తే పక్కకు పిలిచి చెప్పేయాలని చెప్పవలసిన వాక్యం లోపల కూడబలుక్కుంటోంది. పెద్ద మేడమ్ వచ్చింది, కానీ ఒక్కతే రాలేదు. వెనకే తీగలాయన, చేతిలో ఫోను, మొహంలో ఫిర్యాదు.

సర్వర్ అప్పుడే బరువెక్కిపోతోందట. తరగతి గదుల కంప్యూటర్లలోంచి సరుకంతా ఒక్కచోటికి తెచ్చి చూస్తే, అవే ఫైళ్ళు ప్రతివాళ్ళ దగ్గరా ఉన్నాయట. ఒక్కరి దగ్గర ఉంటే చాలు కదా, మిగతావి తీసేస్తానంటున్నాడు. అసలువి ఎవరివో చెప్పండి అని అడుగుతూ ఫోనులోంచి పేర్లు చదివాడు. బస్సు టికెట్టు. దారి చెప్పండి. చివరి వాక్యం. అక్కా చెల్లెలు.

స్టాఫ్ రూములో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"సైన్స్ మేడమ్ దగ్గర 'అక్క పేపర్లు' అని ఉన్నాయి," అన్నాడు తీగలాయన. "ఇంగ్లీషు మేడమ్ దగ్గర ప్రతి పేజీ మీదా ఇంగ్లీషు మేడమ్ పేరే ఉంది. పెద్ద మేడమ్ గారి దగ్గర 'ఇన్‌స్పెక్షన్‌కి' అని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ లెక్కల సార్ దగ్గర. తరగతుల వారీగా, సంవత్సరాల వారీగా, ఒక్కటి వదలకుండా."

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఇంగ్లీషు మేడమ్ డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. పెద్ద మేడమ్ గొంతు సవరించుకుని, పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్ళకు బడి ప్రత్యేకత అని అవే చూపించాననీ, వాళ్ళు మెచ్చుకున్నారనీ, ఎవరు రాశారో చెప్పే సందర్భం రాలేదనీ అంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతు తగ్గింది.

ఖాళీ టీచరమ్మకు ముందు వచ్చింది కోపమే. ఇన్నేళ్ళూ తన దండెం మీది బట్టలు వీళ్ళందరూ కట్టుకుని తిరిగారు, ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఒకావిడ ఏకంగా తన పేరు కుట్టించుకుంది. గట్టిగా అడగాలని నోరు తెరిచింది, వచ్చింది మాత్రం వేరే మాట.

"ఒక్కటి వదలకుండానా?" అంది.

లెక్కల సార్ లేచి నిలబడ్డాడు. నలుగురినీ నవ్వించే మనిషికి ఆ వేళ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను లీవు పెట్టినప్పుడే కాదమ్మా, పెట్టనప్పుడు కూడా వాడాను. నా పాఠం నడవని రోజున మీ పేజీ ఇస్తే నడిచేది. ఆ టికెట్టు లెక్కల్లోంచే పదో తరగతికి సగం సంవత్సరం చెప్పాను. అడగాలనుకున్నాను చాలాసార్లు. ఖాళీ టీచరమ్మ అని పిలిచి నవ్వినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆయన మూల కంప్యూటర్లో తన పేరు కొట్టి తెరిచి చూపించాడు. ఆమె దగ్గరికి వెళ్ళింది. అన్నీ ఉన్నాయి. ఆమె మొదటి ఏడాదిలో రాసి, బాగా లేదని తనే తీసిపారేసినవి కూడా ఉన్నాయి. అక్క ఉత్తరం తెరిచి కోపం దాచిన ఆ మాట వెతికింది. దొరికింది. మాట మీద వేలు పెట్టి, తెర అద్దాన్ని అలాగే తాకుతూ నిలబడింది. వీళ్ళు అడిగి తీసుకునే మర్యాదస్థులే అయితే, తను వద్దు, ఇంకా సరిచేయాలి అనేది. అడగకుండా తీసుకోబట్టే ఇవాళ ఇవి బతికున్నాయి. ఆ సంగతి తట్టేసరికి ఆమెకు ఒక్కసారిగా అందరి మీదా, వాటి మీద సొంత పేరు వేసుకున్న ఇంగ్లీషు మేడమ్ మీద కూడా, పట్టలేనంత కృతజ్ఞత పొంగుకొచ్చింది.

"మీరందరూ తీసుకోకపోయుంటే నాకివాళ ఒక్కటీ మిగిలేది కాదు," అంది. పెన్‌డ్రైవ్ సంగతి, అడ్రసు సంగతి, అంతా తనే చెప్పేసింది. ఎవరూ నవ్వలేదు. సైన్స్ మేడమ్ వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇంగ్లీషు మేడమ్ అక్కడికక్కడే కూర్చుని ప్రతి పేజీ మీదా తన పేరు తీసేయడం మొదలుపెట్టింది.

తీగలాయన ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. ఫైళ్ళు ఒక్కచోట పెట్టి అందరికీ చదువుకునే వీలు ఇవ్వచ్చు, కానీ ఆ చోటుకి సొంతదారు ఉండాలి, సొంతదారుకి లాగిన్ ఉండాలి, లాగిన్‌కి సబ్జెక్టు ఉండాలి. ఎవరి పేరు పెట్టమంటారని పెద్ద మేడమ్‌ను అడిగాడు. ఎవరో ఒకరి పేరు పెట్టి పని కానిచ్చేయవచ్చు. పెద్ద మేడమ్ ఆ మాటే అంటుందని ఖాళీ టీచరమ్మ అనుకుంది, అన్నా ఇప్పుడు బాధ పడకూడదని కూడా అనుకుంది.

పెద్ద మేడమ్ ఫోను తీసి, అందరి మధ్యా నిలబడి మేనేజ్‌మెంట్ ఆఫీసుకు చేసింది. మా టీచర్లలో ఒకరి పేరు మీ దగ్గర లేదు, కలపండి అంది. అటునుంచి ఏదో అడిగారు. ఆమె ఖాళీ టీచరమ్మ వైపు చూసింది.

"ఏ సబ్జెక్టా? ఏది రాస్తారో మీ ఇష్టం. మీరు ఏది రాసినా ఆవిడ చెప్పగలదు. ఇన్నేళ్ళూ అన్నీ చెప్పింది ఆవిడే." కాసేపు వింది. "లేదు, వచ్చే ఏడు కాదు. ఇప్పుడే. తప్పు నాది, నేను ముందే అడగాల్సింది."

అటువైపు ఇంకా ఏదో సణిగారు. పెద్ద మేడమ్ ఫోను చెవికి పెట్టుకునే కిటికీ దాకా వెళ్ళి, తిరిగొచ్చి, నీళ్ళ ట్యాంకు గురించి కూడా ఎన్నడూ మాట్లాడనంత గట్టిగా మాట్లాడింది. చివరికి తీగలాయన ఫోను గణగణమంది, మేనేజ్‌మెంట్ ఆఫీసు అనుమతి వచ్చింది. ఆయన చూసుకుని, చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ టీచరమ్మను మూల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఇంటిపేరుతో సహా ఆమె పూర్తి పేరు అడిగి, అక్షరం అక్షరం పలుకుతూ కొట్టాడు. ఆ పేరు ఆ గదిలో అంత నిదానంగా ఎవరూ ఎప్పుడూ పలకలేదు.

"మీకు చీటీ లేదు కాబట్టి పాస్‌వర్డ్ మీరే పెట్టుకోవాలమ్మా. నాక్కూడా తెలియకూడదు. మీరందరూ కాస్త అటు తిరగండి," అన్నాడు.

అందరూ తిరిగారు. సైన్స్ మేడమ్ బీరువా వైపు, ఇంగ్లీషు మేడమ్ టైమ్ టేబుల్ వైపు, పెద్ద మేడమ్ కిటికీ వైపు. తీగలాయన తన కేబుల్ చుట్ట వైపు. లెక్కల సార్ గోడకు మరీ దగ్గరగా, ముక్కు ఆనేలా నిలబడి, పైగా కళ్ళు కూడా మూసుకున్నాడు. గది నిండా వీపులు. ఏం పెట్టాలో తెలియక ఆమె వేళ్ళు కాసేపు మీటల మీదే ఆగాయి. తర్వాత ఒక మాట కొట్టింది. మళ్ళీ ఒకసారి కొట్టమంది సర్వర్, కొట్టింది. తెర వెలిగింది. స్వాగతమన్న మాట పక్కన ఆమె పేరొచ్చింది. ఫోటో ఉండాల్సిన చోట ఇంకా ఏమీ లేదు.

"అయిందా అమ్మా? తిరగొచ్చా?" అన్నాడు లెక్కల సార్ గోడతో.

ఖాళీ టీచరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ తను ఎవరి బదులు నిలబడిందో వాళ్ళందరూ ఇప్పుడు తన కోసం నిలబడ్డారు.

"ఇంకా కాలేదు సార్," అంది. "కొంచెం ఆగండి."

వాళ్ళు ఆగారు.